ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లాడు స్కూల్లో అందర్నీ కొడుతున్నాడు, ఇంటికొస్తే మాటే ఉండదు. ఏం చేయాలి?

గోదావరి పిన్ని అడిగారు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్ళు చెప్పండి.

మా అక్క కొడుకు గురించి. తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. అప్పులు తీర్చడానికి అక్క కువైట్ వెళ్ళింది, అక్కడ ఒక ఇంట్లో పని చేస్తోంది. పిల్లాడు అమలాపురం దగ్గర పల్లెలో వాళ్ళ నాన్న దగ్గరే ఉండిపోయాడు. బావ తాగుతాడు. తాగితే చెయ్యి చేసుకుంటాడని మాకు తెలుసు కానీ, బెల్టు తీస్తాడని, ఒక్కోసారి రాత్రంతా అరుగు మీదే వదిలేస్తాడని, పిల్లాడికి ఎన్నో పూటలు పక్కింటి అన్నమే దిక్కని సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ పక్కింటావిడ చెబితేనే తెలిసింది. తలంటి పోద్దామని చొక్కా విప్పితే వీపు మీద వాతలు. ఆ సాయంత్రమే తీసుకొచ్చేశాం. బావ అప్పుడు అడ్డు చెప్పలేదు. ఇప్పుడు కాకినాడలో మా ఇంట్లోనే ఉంటున్నాడు.

ఇక్కడ వాడిని పల్లెత్తు మాట అనేవాళ్ళు లేరు. మా ఆయన గొంతు పెంచి మాట్లాడడం కూడా ఎరగని మనిషి. అయినా స్కూల్ నుంచి వారం తిరక్కుండా ఫోన్ వస్తోంది. మొన్న పక్క సీటు పిల్లాడి మోచెయ్యి తగిలి వీడి కంపాస్ బాక్స్ కింద పడితే, అందులోంచి పెన్సిల్ తీసి ఆ పిల్లాడి చేతి మీద పొడిచేశాడు. ఎందుకురా అంటే "వాడు కావాలనే పడేశాడు పిన్నీ, పడేసి నన్ను చూసి నవ్వాడు" అంటాడు. టీచరేమో ఆ పిల్లాడు నవ్వలేదు, అప్పటికే సారీ చెబుతున్నాడు అంటున్నారు. వీడు అబద్ధం చెబుతున్నట్టు నాకైతే అనిపించలేదు, నిజంగానే నవ్వాడని నమ్ముతున్నాడు.

ఇంటికొచ్చాక మనిషే వేరు. టీవీ ముందు కూర్చుంటాడు గానీ చూడడు. అన్నం కెలికి వదిలేస్తాడు. రాత్రి పక్క తడుపుతున్నాడు. అటక మీద డబ్బా తీద్దామని నేను చెయ్యి పైకెత్తితే రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పిలిస్తే ఒక్కోసారి పలకడు, అది మొండితనమో ఇంకేమిటో తెలియదు. మొన్న పడుకునే ముందు "నేను పుట్టకపోతే అమ్మ కువైట్ వెళ్ళేది కాదు కదా పిన్నీ" అన్నాడు. ఏం చెప్పాలో తోచక దుప్పటి కప్పాను.

స్కూల్ వాళ్ళు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని, కుదురుగా ఉండలేని సమస్య) ఏమో చూపించండి, ఇలాగే ఉంటే టీసీ తీసుకోండి అంటున్నారు. మా అమ్మ "వాళ్ళ నాన్న రక్తం, ఎక్కడికి పోతుంది, నాలుగు తగిలిస్తే దారికొస్తాడు" అంటోంది. ఒకే పిల్లాడిలో ఇంత దిగులూ ఇంత కోపమూ ఎలా ఉంటాయి? ఇదంతా దెబ్బల వల్లేనా? వాడు రేపు వాళ్ళ నాన్నలాగే తయారవుతాడా? ఎవరికి చూపించాలి?


విశాఖ సైకాలజిస్ట్:

గోదావరి పిన్ని గారూ, నేను విశాఖలో పిల్లలతో పనిచేసే క్లినికల్ సైకాలజిస్ట్‌ని. పిల్లాణ్ణి చూడకుండా జబ్బు పేరు చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ మీరు రాసినవాటిలో చాలా వరకు మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చూసేవే కాబట్టి అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మొదటిది, వాడిలో దిగులూ కోపమూ రెండూ ఎలా ఉంటాయి అన్నారు. చిన్నపిల్లల్లో అవి విడివిడిగా ఉండడమే తక్కువ. పెద్దవాళ్ళకి డిప్రెషన్ వస్తే మంచం పట్టినట్టు ఉంటారు, ఏడుస్తారు, చెప్పుకుంటారు. పిల్లలకి "నాకు దిగులుగా ఉంది" అని చెప్పే మాటలే ఉండవు, అది చిరాకుగా, విసురుగా, తగువుగా బయటికి వస్తుంది. మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్‌ఎం అనే పుస్తకంలో కూడా పిల్లల విషయంలో దిగులు ఉండాల్సిన చోట చిరాకు ఉన్నా డిప్రెషన్ లక్షణంగా లెక్కపెట్టొచ్చని స్పష్టంగా ఉంది. కాబట్టి స్కూల్లో కొట్టేవాడూ ఇంట్లో మాట్లాడనివాడూ ఇద్దరు కాదు. స్కూల్లో ప్రమాదం ఉందనుకుని ఎదురు తిరుగుతున్నాడు, ఇంట్లో మీ దగ్గర ఆ అవసరం లేదు కాబట్టి లోపల ఉన్న అలసట కనిపిస్తోంది.

ఇక "కావాలనే పడేశాడు, నవ్వాడు" అన్న మాట. నాకు మీ పోస్టులో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది అదే. కెన్నెత్ డాడ్జ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్, ఆయన సహచరులు 1990లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వేశారు. 300 మందికి పైగా నాలుగేళ్ళ పిల్లలు ఇంట్లో దెబ్బలు తిన్నారా లేదా అని ముందే తల్లుల్ని అడిగి తెలుసుకుని, తర్వాత వాళ్ళు బడిలో చేరాక ఎలా ఉంటున్నారో గమనించారు. గాయపడేలా దెబ్బలు తిన్న పిల్లలు బడిలో ఎక్కువ కొట్లాటకి దిగారు, అది మామూలుగా మనం ఊహించేదే. అసలు సంగతి మధ్యలో ఏం జరిగిందన్నది. ఆ పిల్లలు ఎదుటివాళ్ళు చేసే చిన్న చిన్న పనుల్లో పొరపాటుని గుర్తించలేకపోతున్నారు, కావాలనే చేశారని అనుకుంటున్నారు. తగువు తీర్చుకోవడానికి కొట్టడం తప్ప వేరే దారి కూడా తోచడం లేదు. సెత్ పొలాక్ అనే ఇంకో పరిశోధకుడు ఫోటోల్లో ముఖాలు మెల్లమెల్లగా స్పష్టమయ్యేలా చూపిస్తూ ఎక్కడ గుర్తుపడతారో చూశాడు. దెబ్బలు తిన్న పిల్లలు మిగతా భావాల్లో మామూలుగానే ఉన్నారు గానీ కోపాన్ని మాత్రం ముఖం ఇంకా సరిగ్గా కనిపించకముందే పట్టేశారు.

ఎందుకంటే ఆ ఇంట్లో అదే వాడిని కాపాడింది. నాన్న గుమ్మంలో అడుగు పెట్టిన తీరుని బట్టి ఈ రాత్రి ఎలా ఉండబోతోందో పసిగట్టాలి. అలా పసిగట్టగలిగితే మంచం కిందకో పక్కింటికో పోవచ్చు. అదే చూపుతో ఇప్పుడు క్లాసులో పక్కవాడి ముఖం చూస్తున్నాడు. మీరు అన్నట్టు వాడు అబద్ధం చెప్పడం లేదు, వాడికి నిజంగానే ఆ నవ్వు కనిపించింది.

దిగులు వైపు. "నేను పుట్టకపోతే" అన్నాడు చూడండి, ఇది పిల్లలు తరచుగా చేసే లెక్క. నాన్న చెడ్డవాడు, ఈ ఇంట్లో నన్ను కాపాడేవాళ్ళు లేరు అనుకోవడం పిల్లాడు తట్టుకోలేడు. దానికంటే తప్పు నాదే అనుకుంటే కనీసం నేను బుద్ధిగా ఉంటే బాగుపడుతుందనే ఆశ మిగులుతుంది. ఆ ఆశ తీరదు కాబట్టి తన మీద తనకే అసహ్యం పెరుగుతుంది. పైగా వాడికి అమ్మ దూరమైన బాధ కూడా ఉంది, అది దెబ్బల కింద పడి ఎవరికీ కనిపించడం లేదేమో అని నా అనుమానం. మీరందరూ వీపు మీది వాతలు చూశారు, సహజమే. కానీ 2012లో ప్రపంచవ్యాప్తంగా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు డిప్రెషన్‌తో సంబంధం దెబ్బలకి ఉన్నదాని కంటే, మాటలతో హింసించడానికీ, తిండీ ఆలనా పాలనా పట్టించుకోకపోవడానికీ ఎక్కువ బలంగా కనిపించింది. అరుగు మీద వదిలేసిన రాత్రుల గురించి కూడా వాడు ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడాల్సి ఉంటుంది. తొందరపెట్టకండి.

వెంటనే చేయాల్సినవి. "పుట్టకపోతే" అన్న పిల్లాణ్ణి "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తుందా" అని నెమ్మదిగా, నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన వస్తుందని చాలామంది భయపడతారు, అలా రాదు. అవునంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి. అర్ధరాత్రి ఏం చేయాలో తోచకపోతే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

రెండోది, పిలిస్తే పలకడం లేదన్నారు. ముందు చెవులు చూపించండి. చెంప మీద, చెవి మీద గట్టిగా కొడితే కర్ణభేరి చిల్లు పడుతుంది, అది మొండితనంలా కనిపిస్తుంది. మీ కాకినాడ జీజీహెచ్‌లో, అంటే పెద్ద ప్రభుత్వాసుపత్రిలో, ఈఎన్‌టీ ఉంది, సైకియాట్రీ విభాగమూ ఉంది, ఒకే రోజు రెండు ఓపీలూ చూసుకోవచ్చు. ఏడీహెచ్‌డీ ఉందా లేదా అన్నది కూడా వాళ్ళే తేలుస్తారు, అయితే జరిగినదంతా చెప్పండి. నిరంతరం భయంతో అటూ ఇటూ చూసే పిల్లాడు ధ్యాస లేనివాడిలాగే కనిపిస్తాడు కాబట్టి, చరిత్ర తెలియకపోతే డాక్టరైనా పొరపడే అవకాశం ఉంది. ట్రామా ఫోకస్డ్ సీబీటీ అనే పద్ధతి (ఇలాంటి అనుభవాల వల్ల మనసుకి తగిలిన గాయానికి మాటలతో చేసే చికిత్స) తెలిసిన సైకాలజిస్ట్ దొరుకుతారేమో అక్కడే అడగండి. అందులో పెంచుతున్నవాళ్ళు కూడా కూర్చుంటారు, అంటే మీరు.

పక్క తడిపితే ఏమీ అనకండి, దుప్పటి మార్చేయండి, అంతే. వచ్చినవాళ్ళ ముందు ఆ మాట ఎత్తకండి, మీ అమ్మగారికి కూడా ఇది ముందే చెప్పి ఉంచండి.


బడిపంతులు, అనంతపురం:

చెల్లెమ్మా, సైకాలజిస్ట్ గారు చెప్పినదానికి నేను కొత్తగా చేర్చేది లేదు, స్కూల్ వైపు నుంచి రెండు మాటలు మాత్రం చెబుతాను. ప్రభుత్వ బడిలో పాతికేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను.

ఇలాంటి పిల్లల్ని మేం మధ్య బెంచీలో కూర్చోబెట్టి తప్పు చేస్తాం. నాలుగు వైపులా పిల్లలుంటే వాడికి నాలుగు వైపులా భయమే. వీపు గోడకి ఆనేలా, గుమ్మం కనిపించేలా చివరి వరసలో మూల సీటు ఇవ్వమని అడగండి. చెవి సంగతి తేలాక ఏ చెవి బాగుంటే అది టీచర్ వైపు ఉండే మూల చూడమనండి. వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేయొద్దని టీచర్‌కి చెప్పండి, మెచ్చుకోడానికైనా సరే. మా క్లాసులో ఒకడుండేవాడు, నోట్సు దిద్దుతూ వెనక నుంచి తల నిమిరితే కుర్చీతో సహా పడిపోయాడు. ఆ తర్వాత నేను ఎదురుగా వచ్చి, పేరు పిలిచి, వాడు నన్ను చూశాకే దగ్గరికి వెళ్ళేవాణ్ణి. కోపం వస్తోందనిపించినప్పుడు అడక్కుండానే బయటికెళ్ళి నీళ్ళు తాగి రావచ్చని వాడికీ నాకూ మధ్య ఒప్పందం. బల్ల మీద పెన్ను నిలబెడితే బయటికెళ్తున్నాడని గుర్తు. మిగతా పిల్లలకి తెలియదు. మొదట్లో నీళ్ళ కుండ దగ్గరే సగం పీరియడ్ గడిపేవాడు, ఏమీ అనలేదు. పోనుపోనూ దానంతటదే తగ్గింది.

టీసీ మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా. విద్యా హక్కు చట్టం 2009 ప్రకారం ఎలిమెంటరీ చదువు పూర్తయ్యే వరకు స్కూల్ నుంచి పిల్లల్ని తీసేయడానికి లేదు, అది సెక్షన్ 16. సెక్షన్ 17 కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ప్రైవేటు స్కూలైనా అంతే. గొడవ పెట్టుకోవడానికి చెప్పడం లేదు, మీరు వెళ్ళి కూర్చున్నప్పుడు ధైర్యంగా ఉండటానికి చెబుతున్నా. హెడ్మాస్టర్‌తో కాకుండా ముందు క్లాస్ టీచర్‌తో మాట్లాడండి, రోజంతా వాడితో ఉండేది ఆవిడే.

ఇంకో సంగతి, మీ ప్రశ్నకి నేరుగా సంబంధం లేదు కానీ చెప్పకుండా ఉండలేకపోతున్నా. కొట్టే మగపిల్లాడి కోసం స్టాఫ్ రూములో మీటింగులు పెడతాం. అదే ఇంట్లో అవే దెబ్బలు తిన్న ఆడపిల్ల చివరి బెంచీలో తల దించుకుని, దస్తూరి గుండ్రంగా రాసుకుంటూ కూర్చుంటే "బంగారు తల్లి, నోట్లో నాలుక లేదు" అని మెచ్చుకుని వదిలేస్తాం. గోల చేయదు కాబట్టి ఎవరి కంటా పడదు. ఇది చదివే టీచర్లు ఎవరైనా ఉంటే మీ క్లాసులో మరీ బుద్ధిమంతురాలిని ఒకసారి చూడండి.


కరీంనగర్ నాన్న:

అందరూ చదువుకున్నోళ్ళు మాట్లాడుతున్నారు, నాది వేరే మాట, తప్పుగా అనుకోవద్దు. ఆ పిల్లగాడి తండ్రి చేసింది దుర్మార్గం, అందులో రెండో మాట లేదు. కానీ దెబ్బలు తింటే డిప్రెషన్ వస్తది, కోపం వస్తది అంటే మా తరమంతా పిచ్చోళ్ళం కావాలె. మా సారు గోడ కుర్చీ ఏపిచ్చేటోడు, చింతబరికెతోటి అరచేతులు వాచేటట్టు కొట్టేటోడు, ఇంట్ల చెప్తే మా బాపు ఇంకో రెండు ఏసేటోడు. మేము బతకలేదా, పిల్లల్ని పెంచుకుంటలేమా? మొక్కై వంగనిది మానై వంగునా అని ఊకే అన్లేదు. ఈ పిల్లగాడు పెన్సిల్‌తోటి పొడిచిండు, రేపు కంట్ల పొడిస్తే? పాపం పాపం అని ఊకుంటే వానికి ఎవ్వరి భయం ఉండదు. భయం లేకపోతే ఆపేదెట్ల? ఇది నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్న, నాకూ ఇద్దరు పోరగాళ్ళున్నరు.


విశాఖ సైకాలజిస్ట్:

కరీంనగర్ నాన్న గారూ, చాలామంది మనసులో ఉన్నది మీరు అడిగారు, మంచిదయింది.

"మనదగ్గర అందరూ కొట్టేవాళ్ళే కదా, పిల్లలు దాన్ని మామూలుగా తీసుకుంటారు" అన్నది పరిశోధకులకి కూడా వచ్చిన అనుమానమే. 2005లో జెన్నిఫర్ లాన్స్‌ఫర్డ్ బృందం దీన్నే పరీక్షించింది. మన దేశం, చైనా, ఇటలీ, కెన్యా, ఫిలిప్పీన్స్, థాయిలాండ్, ఈ ఆరు దేశాల్లో తల్లుల్నీ పిల్లల్నీ అడిగారు. మీరు చెప్పినదాంట్లో కొంత నిజం బయటపడింది. కొట్టడం మామూలు అనుకునే చోట దాని చెడు ప్రభావం కొంత తక్కువగా ఉంది. కానీ తక్కువగా ఉంది గానీ పోలేదు. ఎక్కువగా కొట్టించుకునే పిల్లల్లో కొట్లాటా ఆందోళనా ఆరు దేశాల్లోనూ ఎక్కువే.

గాయం కాకుండా చేత్తో వేసే మామూలు దెబ్బల సంగతి కూడా చూశారు. 2016లో ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్ కేలర్ అంతకుముందు యాభై ఏళ్ళలో వచ్చిన పరిశోధనల్ని కలిపి లెక్క కట్టారు, మొత్తం లక్షా అరవై వేల మందికి పైగా పిల్లలు. గాయపడేలా కొట్టిన కేసులు పక్కన పెట్టి చూసినా కొట్టడానికీ పిల్లల్లో మొండితనం, కొట్లాట, మానసిక సమస్యలకీ ముడి కనిపించింది, మాట వినడం పెరిగినట్టు ఎక్కడా కనబడలేదు. మీ తరమంతా ఏమీ కాలేదన్న మాట మీద ఒక్కటే అంటాను. దెబ్బలు తిన్న ప్రతివాళ్ళకీ జబ్బు వస్తుందని ఎవరూ అనడం లేదు, వచ్చే అవకాశం పెరుగుతుంది అంటున్నాం. బీడీ కాల్చిన ప్రతివాడికీ క్యాన్సర్ రాదు కదా, అలాగే. పైగా మీ సారు కొట్టినా మీ ఇంట్లో వేళకి అన్నం పెట్టే అమ్మ ఉండి ఉంటుంది, ఈ పిల్లాడికి ఆ పక్క కూడా ఖాళీయే.

ఇది అరుదైన సంగతి కూడా కాదు. మన కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో పన్నెండు వేల మందికి పైగా పిల్లల్ని అడిగి నివేదిక ఇచ్చింది, అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరకంగా హింసకి గురైనట్టు చెప్పారు. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్ళలో ఎక్కువమందిని కొట్టింది తల్లిదండ్రులే.

మీరు అడిగినదాంట్లో పూర్తిగా సరైన మాట ఒకటుంది. ఆపాలి. పెన్సిల్‌తో పొడవడం చూసీ చూడనట్టు వదిలేసే విషయం కాదు. అయితే భయం ఈ పిల్లాడి దగ్గర పనిచేయదు, వాడి ఒంట్లో భయం ఇప్పటికే నిండా ఉంది, కొట్లాట పుట్టేదే అందులోంచి. కాబట్టి గోదావరి పిన్ని గారూ, ఇలాంటిది జరిగినప్పుడు ఆవేశం చల్లారేదాకా ఆగండి, అప్పుడు చెప్పే మాట ఒక్కటీ బుర్రకెక్కదు. తర్వాత కూర్చోబెట్టి "కంపాస్ బాక్స్ పడితే నీకు కోపం రావడం తప్పు కాదు, పొడవడం తప్పు, మన ఇంట్లో ఎవరూ ఎవర్నీ కొట్టరు, నువ్వూ కొట్టకూడదు" అని గట్టిగానే చెప్పండి. ఆ పిల్లాడికి దెబ్బ తగిలింది కాబట్టి వాడికి ఏదో ఒకటి వీడి చేత్తోనే చేయించండి, కొత్త పెన్సిల్ వీడి డబ్బుల్లోంచి కొని ఇవ్వడమో, నోట్సు రాసి పెట్టడమో. ఆ సాయంత్రం ఆట కట్ చేసినా ఫర్వాలేదు. ప్రతిసారీ అదే తప్పుకి అదే ఫలితం ఉండాలి. వాళ్ళ నాన్న దగ్గర తప్పు చేస్తే దెబ్బలు, చేయకపోయినా దెబ్బలే, సీసా ఎంత ఖాళీ అయిందన్న దాన్ని బట్టి. రేపు ఏం జరుగుతుందో ముందే తెలిసే ఇల్లు వాడు ఇప్పటిదాకా చూడలేదు.

ఆ తర్వాత ఇంకో ఆట ఆడొచ్చు. రోడ్డు మీద ఎవరైనా ఎవరికైనా తగిలినప్పుడు, "అతను కావాలని తగిలాడంటావా, చూసుకోలేదంటావా, ఎలా చెప్పగలం" అని అడుగుతూ ఉండండి. వాడి గొడవ గురించి కాదు, వేరేవాళ్ళ గురించి. పొరపాటు అనేది ఒకటుంటుందని అలా మెల్లగా తెలుస్తుంది.


హాస్టల్ కుర్రాడు, ఇప్పుడు పుణె:

నేనూ ఆ పిల్లాడి లాంటివాణ్ణే. వివరాలు వద్దు. ఇంటర్ వరకు నేను ఎవర్నో ఒకర్ని కొట్టని రోజు లేదు, హాస్టల్లో అందరూ నన్ను రౌడీ అనేవాళ్ళు, రాత్రి బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చేవాణ్ణని ఒక్కడికీ తెలియదు. "రేపు వాళ్ళ నాన్నలాగే తయారవుతాడా" అన్న ప్రశ్నకి మాత్రం జవాబు రాయాలనిపించింది, ఎందుకంటే పెళ్ళి చేసుకోవడానికి కూడా ఆ భయంతోనే వెనకాడాను.

క్యాథీ విడమ్ అనే ఆవిడ అమెరికాలో 1967 నుంచి 1971 మధ్య కోర్టు దాకా వెళ్ళిన 908 మంది పిల్లల్ని, అంటే ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్ళని, ఆలనా పాలనా లేకుండా పెరిగినవాళ్ళని, ఏళ్ళ తర్వాత రికార్డుల్లో వెతికింది. పక్కన అదే వయసు, అలాంటి ఇళ్ళ నుంచే వచ్చిన వేరే పిల్లల్ని పెట్టుకుని పోల్చింది. హింసకి గురైనవాళ్ళలో 26 శాతం మంది చిన్నప్పుడే నేరం కేసుల్లో అరెస్టయ్యారు, మిగతావాళ్ళలో 17 శాతం. అంటే తేడా ఉంది, కళ్ళు మూసుకుంటే పోదు. కానీ అదే లెక్కని ఇటు నుంచి చూడండి, నూటికి 74 మంది అలా కాలేదు. నేను ఆ 74 అన్న అంకెని ఎన్నిసార్లు చదువుకున్నానో. రక్తం అని అమ్మమ్మలు అంటారు, వాళ్ళకి తెలిసింది అదే. దయచేసి ఆ మాట పిల్లాడి చెవిన పడనివ్వకండి. నన్ను చిన్నప్పటి నుంచి "అచ్చం అయ్య పోలిక" అన్నవాళ్ళందరూ నాకు నేనేం కాబోతున్నానో చెబుతున్నారనే అనుకున్నాను.

నన్ను నిలబెట్టింది మా మేనత్త. పెద్దగా చదువుకోలేదు. సెలవులకి ఎప్పుడెళ్ళినా నాకంటూ ఒక కంచం, ఒక గూడు ఉండేవి ఆవిడ ఇంట్లో, ఆ గూట్లో నా వస్తువులు ఎవరూ కదిపేవాళ్ళు కాదు. నేను వాళ్ళబ్బాయిని కొట్టిన రోజు కూడా తిట్టింది, అన్నం పెట్టింది, వెళ్ళిపొమ్మనలేదు. హవాయి దీవుల్లో కవాయీ అనే చోట 1955లో పుట్టిన పిల్లలందర్నీ పెద్దయ్యేదాకా చూసిన ఒక అధ్యయనం గురించి తర్వాత చదివాను. చాలా కష్టాల్లో పెరిగిన పిల్లల్లో మూడో వంతు బాగానే నిలదొక్కుకున్నారట, వాళ్ళలో తరచుగా కనిపించింది ఏంటంటే తల్లో తండ్రో కాకపోయినా వదలకుండా పట్టుకున్న పెద్దవాళ్ళు ఒకరు ఉండడం. చదువుతుంటే అత్తయ్య గూడే గుర్తొచ్చింది. పిన్ని గారూ, వాడికి ఒక గూడు ఇవ్వండి.


లాయరమ్మ, రాజమండ్రి:

చట్టం వైపు ఎవరూ రాయలేదు కాబట్టి. బావ ఇప్పుడు ఊరుకున్నాడు, రేపు వచ్చి నా కొడుకు నాకు కావాలంటే మీ చేతిలో కాగితం ముక్క లేదు. అది ముందు చూసుకోండి.

హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం 1956 ప్రకారం తండ్రి సహజ సంరక్షకుడు, ఆయన తర్వాత తల్లి. కానీ 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు, తండ్రి పిల్లల బాగోగులు పట్టించుకోనప్పుడు ఆయన బతికుండగానే తల్లి సంరక్షకురాలిగా ఉండొచ్చని చెప్పింది. అదే చట్టం సెక్షన్ 13లో పిల్లల సంక్షేమమే అన్నిటికంటే ముఖ్యమని ఉంది. కాబట్టి మీ అక్క తన కొడుకుని మీ దగ్గర ఉంచుతున్నానని రాసిచ్చి, కువైట్‌లోని భారత రాయబార కార్యాలయంలో ధృవీకరణ చేయించి పంపితే మీకు బలం. ఎప్పటికీ మీ దగ్గరే ఉండేలా కావాలంటే గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 1890 కింద కోర్టుకి వెళ్ళొచ్చు, పిల్లాడు మామూలుగా ఉంటున్న చోటే వేయాలి.

వీపు మీద గుర్తులు ఉండగానే ప్రభుత్వాసుపత్రిలో రాయించి ఉంటే మంచిది, లేకపోతే ఉన్న ఫోటోలు దాచండి. ఈఎన్‌టీ రిపోర్టులో దెబ్బ వల్ల అని రాస్తే అది కూడా ఆధారమే. జువెనైల్ జస్టిస్ చట్టం 2015 సెక్షన్ 75 కింద, సంరక్షణలో ఉన్న పిల్లాణ్ణి కొట్టినా, ఆలనా పాలనా లేకుండా వదిలేసినా మూడేళ్ళ వరకు జైలు. కేసు పెట్టాలా వద్దా అన్నది మీ కుటుంబం ఆలోచించుకోవాల్సిన విషయం, కానీ బాలల సంక్షేమ కమిటీకి సమాచారం ఇవ్వడానికి మాత్రం వెనకాడకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. పిల్లాడి మాటల్లో ఎప్పుడైనా లైంగికంగా ఎవరైనా ఏదైనా చేశారని వస్తే అప్పుడు ఆలోచించుకునే వీలు లేదు, పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి.


గోదావరి పిన్ని:

ఇంత ఓపిగ్గా రాసిన అందరికీ దణ్ణం పెడుతున్నాను. జీజీహెచ్‌కి తీసుకెళ్ళాం. ఎడమ చెవిలో కర్ణభేరికి చిల్లు ఉందట. ఇన్నాళ్ళూ వాడు ఎడమ వైపు నుంచి పిలిస్తే పలకలేదు, అంతే. మందులిచ్చారు, నీళ్ళు పోనివ్వొద్దన్నారు, మళ్ళీ చూసి ఆపరేషన్ అవసరమో కాదో చెబుతామన్నారు. సైకియాట్రీలో ఒక మేడమ్ వాడితో విడిగా మాట్లాడారు, డిప్రెషన్ ఉందన్నారు, మందులు ఇప్పుడే వద్దు, వారం వారం తీసుకురమ్మన్నారు. ఏడీహెచ్‌డీ సంగతి కొన్నాళ్ళు చూశాకే చెబుతానన్నారు. చచ్చిపోవాలనిపిస్తుందా అని నేనూ అడిగాను, "ఊర్లో ఉన్నప్పుడు అనిపించేది, ఇక్కడ అనిపించట్లేదు" అన్నాడు. ఆ మాట మేడమ్‌కి చెప్పాను.

క్లాస్ టీచర్ మూల సీటు ఇచ్చారు, చెవి కూడా చూసుకునే ఇచ్చారు. మా అమ్మకి బడిపంతులు గారు రాసిందీ పుణె బాబు రాసిందీ చదివి వినిపించాను. రక్తం మాట మానేసింది. అల్మరాలో కింది అర వాడిదే అని చెప్పాను. ప్రస్తుతానికి అందులో చాక్లెట్ కాగితాలు, ఒక విరిగిన బొంగరం ఉన్నాయి.

ఇప్పుడు కొత్త టెన్షన్. ఉగాదికి పిల్లాణ్ణి రెండ్రోజులు పంపమని బావ ఫోన్ చేశాడు, మానేశానని ప్రమాణం చేస్తున్నాడు. పంపకపోతే మనిషిని అవమానించినట్టవుతుందని మావైపు పెద్దవాళ్ళు అంటున్నారు. నీకు వెళ్ళాలనుందా అని వాణ్ణే అడిగితే "మీ ఇష్టం పిన్నీ" అన్నాడు. ఆ రాత్రి మళ్ళీ పక్క తడిపాడు.


లాయరమ్మ, రాజమండ్రి:

పంపకండి. మీ అక్క చేత "నేను వచ్చేదాకా పంపేది లేదు" అని బావకి వాట్సాప్‌లో వాయిస్ కాకుండా రాతలో పెట్టించండి. ఆయన చూడాలనుకుంటే మీ ఇంటికో, పెద్దమనుషుల ఇంటికో వచ్చి, మీ ఆయన ఎదురుగా ఒక గంట చూసి వెళ్ళొచ్చు. తాగి వస్తే ఆ గంట కూడా లేదు. బలవంతంగా తీసుకెళ్ళే ప్రయత్నం చేస్తే పోలీసులకి 112.


విశాఖ సైకాలజిస్ట్:

లాయరమ్మ గారి మాటే నాదీ. మానేశానన్నది నిజమే కావచ్చు, చాలా నెలలు మానేసి చూపించాక అప్పుడు మాట్లాడుకోవచ్చు. పెద్దవాళ్ళకి మీ ఆయన చేత చెప్పించండి, మీరొక్కరే మోయకండి.

ఇంకొకటి, వెళ్తావా అని వాణ్ణి మళ్ళీ అడగకండి. వెళ్తానంటే మిమ్మల్ని కాదన్నట్టు, వెళ్ళనంటే నాన్నని కాదన్నట్టు, తొమ్మిదేళ్ళవాడు ఏ జవాబు చెప్పినా అపరాధమే. "ఉగాదికి నువ్వు ఇక్కడే ఉంటావు, ఇది నేనూ బాబాయీ అమ్మా కలిసి అనుకున్నాం, నువ్వు అనుకున్నది కాదు" అని ఈ రోజే, పండగ ఇంకా దూరం ఉండగానే చెప్పండి. వీలైతే వీడియో కాల్‌లో మీ అక్క నోటి వెంట కూడా అదే మాట చెప్పించండి, వాడు కుడిచెవికి పెట్టుకుని వినేలా. కువైట్ ఎందుకు వెళ్ళిందో, అప్పు ఎవరు చేశారో, అందులో వాడి తప్పేమీ లేదని కూడా ఆవిడే చెబితే మంచిది. ఒక్కసారి చెబితే నమ్మడు, ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒక రకంగా అనమనండి. మీ జీజీహెచ్ మేడమ్‌కి ఈ ఉగాది సంగతి, ఆ రాత్రి పక్క తడిపిన సంగతి వచ్చే వారం తప్పకుండా చెప్పండి.